ఉతకకూడని గుడ్డలు

మా వీధి మలుపులో ఉన్న లాండ్రీలో అడుగు పెట్టినవాళ్లు మొదట గమనించేది అక్కడ ఏ వాసనా లేకపోవడం. ఆవిరి ఉంటుంది, వెచ్చదనం ఉంటుంది, యంత్రాల రొద ఉంటుంది. సబ్బు వాసన కూడా నిలవదు. దుకాణం నడిపే మనిషికి అదే గీటురాయి. ఆరిన గుడ్డను మడతపెట్టే ముందు ఆమె దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని ఒకసారి పీల్చి చూస్తుంది. ఏమీ తెలియకపోతే పని అయినట్టు. ఏ కొంచెం తెలిసినా ఆ గుడ్డ మళ్లీ నీళ్లలోకి పోతుంది.

“గుడ్డకి మనిషి గుర్తుండకూడదండీ. గుర్తుందంటే నేను ఉతకనట్టే” అంటుంది.

ఆమెను అందరూ లాండ్రీ అక్క అంటారు. నాకంటే బాగా చిన్నదే అయినా నేనూ అలాగే అంటాను. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూస్తుందన్న నమ్మకం నాకు లేదు. నేను ఆ దుకాణం పై అంతస్తులో ఉంటాను. కింద పెద్ద యంత్రం తిరిగితే పైన నా మంచం కోళ్లు వణుకుతాయి. ఇక్కడ చెబుతున్నది నేను ఆ దుకాణంలోని బెంచీ మీద కూర్చుని చూసినదీ, తరువాత అక్కాచెల్లెళ్లిద్దరూ వేర్వేరుగా నాతో చెప్పినదీ. ఇద్దరి మాటా కలిసిన సంగతులు నేరుగా చెబుతాను. కలవనిచోట ఎవరు ఏమన్నారో చెబుతాను.

దుకాణం ఆమె తండ్రిది. ఆయన మంచాన పడ్డాక ఆమె చేతికి వచ్చింది. పెళ్లిమాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక యంత్రం చెడిపోయేదట. చివరికి పెళ్లిమాట ఆగిపోయింది గాని, యంత్రాలు చెడిపోవడం ఆగలేదు. క్లినిక్కుల తెల్లకోట్లు, లాడ్జీల దుప్పట్లు, హోటళ్ల బల్లగుడ్డలు మూటలు మూటలుగా వస్తాయి. మడతలు మడతలుగా పోతాయి. వేడినీళ్లకూ ఉతికే మందులకూ ఆమె వేళ్లు నునుపుదేలి, అట్టముక్క పట్టుకున్నా జారుతుంది. మోకాళ్లు అరిగాయి. “అలసిపోయావా?” అని ఎవరైనా అడిగితే, “అలసిపోవడానికి కూడా తీరిక దొరకాలి కదండీ” అంటుంది. ఆ మాటలో దీనత్వం ఉండదు. ఉన్న సంగతి చెప్పినట్టే ఉంటుంది.

ఆ దుకాణంలో ఆమె శుభ్రతకు లొంగనిది ఒక్కటే, దొరసాని. బూడిదరంగు ఆడపిల్లి. ఒక చలికాలం వెనక గుమ్మంలోంచి వచ్చి, బట్టలు ఆరబెట్టే యంత్రం మీది వెచ్చని చోటు ఆక్రమించుకుని, మళ్లీ ఎవరి అనుమతీ అడగలేదు. దాని కింద ఒక పాత కోటు లోపలి గుడ్డ పరిచి ఉండేది. పిల్లి దిగదు, గుడ్డ చేతికి రాదు. అందుచేత ఊరందరి గుడ్డలూ తెల్లబడ్డా ఆ గుడ్డ మాత్రం ఏళ్ల తరబడి నీళ్లు చూడలేదు. కౌంటర్ మీద మూట పెడితే దొరసాని వచ్చి వాసన చూసి, చెంప రుద్ది, తన ముద్ర వేసిపోయేది. “సంతకం అయింది, ఇక మీరు వెళ్లొచ్చు” అనేది అక్క.

ఇలా ఉండగా ఆమె మరిది, అంటే చెల్లెలి భర్త, గుండె ఆగి చనిపోయాడు. సిటీ బస్సు డ్రైవరు. పిల్లలు లేరు. పోవడానికి కొన్నాళ్ల ముందే డిపోలో ఒక బస్సు ఇంజను పక్కన ఇరుక్కుని ఏడుస్తున్న పిల్లిపిల్లను తన మఫ్లర్‌లో చుట్టి ఇంటికి తెచ్చాడట. చిటికెడంత ఉందని దానికి చిటికె అని పేరు పెట్టింది చెల్లెలు. అతను పోయాక డిపోవాళ్ల ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. “ఎక్కడికో ఎందుకే, నా దగ్గరికి రా. వెనక గది ఖాళీగానే ఉంది” అని అక్క ఫోన్ చేసింది. చెల్లెలు అతని డ్యూటీ సంచీలో తన బట్టలు సర్దుకుని, చిటికెను అదే మఫ్లర్‌లో చుట్టుకుని వచ్చింది.

వచ్చిన రోజు నేను బెంచీ మీదే ఉన్నాను. చెల్లెలి ముఖం చాలా రోజులుగా నిద్రలేని ముఖం. అక్క ఆమెను చూసి ఏడవలేదు, కావలించుకోలేదు. ఆ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. “ముందు స్నానం చెయ్యి, నీళ్లు వేడిగా ఉన్నాయి” అంది. చెల్లెలు స్నానాల గదిలోకి వెళ్లగానే అక్క పనిలో దిగింది. సంచీలోని బట్టలన్నీ తీసింది. పిల్లిపిల్లను ఒక తువ్వాలులో వేసి, మఫ్లర్ తీసుకుంది. దొరసాని కూడా ఆ క్షణాన కొత్త పిల్లను చూసి యంత్రం మీంచి దూకింది. ఏళ్లుగా దొరకని అవకాశం దొరికిందని దాని గుడ్డ కూడా లాగేసింది. “ఇంటికి మనిషి వస్తే ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా బాబాయిగారూ” అంటూ అన్నీ కలిపి యంత్రంలో వేసింది.

ఆమెకు తెలిసిన ఆదరణ అది. చెల్లెలు తలస్నానం చేసి, అక్క ఇచ్చిన చీర కట్టుకుని, జుట్టు ఆరాక గదిలోకి వచ్చేసరికి ఆమె మంచం మీద బట్టలన్నీ మడతలు విరగకుండా ఉన్నాయి. దిండు మీద మఫ్లర్, అంచులతో సహా ఇస్త్రీ అయి, పలకలా ఉంది. చెల్లెలు దాన్ని చేతిలోకి తీసుకుని ముఖానికి ఆనించుకోవడం తలుపు సందులోంచి నాకు కనిపించింది. తరువాత దాన్ని దిండు కింద పెట్టి బయటికి వచ్చి, “టీ ఉందా?” అని అడిగింది.

కష్టం మర్నాడే మొదలైంది. ఉతికిన గుడ్డను అక్క మళ్లీ యంత్రం మీద పరిచింది. దొరసాని ఎక్కి, వాసన చూసి, తన చోటు తనది కాదన్నట్టు దిగిపోయింది. చిటికె పరుగున వెళ్లి దాని తోక పట్టుకోబోతే బుసకొట్టి, చెంప మీద ఒకటిచ్చి, నీళ్ల బాయిలర్ పైన ఉన్న అటక మీదికి ఎక్కేసింది. ఇక దిగలేదు. గిన్నె పైకి అందిస్తే వాసన చూసి ముఖం తిప్పుకునేది. చిటికె కింద కూర్చుని పైకి చూస్తూ, పిలుస్తూ ఉండేది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు గాని, ఇక్కడ రెండూ పిల్లులే కావడంతో ప్రాణసంకటం మనుషులకు వచ్చింది.

“నీ దొరసానికి పొగరు బాగానే ఉందక్కా. గుప్పెడంత లేదు పసిది. పామును చూసినట్టు బుసకొడుతోంది” అంది చెల్లెలు.

“దాని ఇల్లే అది. ఎవరో చెప్పాపెట్టకుండా వచ్చి నడింట్లో దూరితే నేనైనా బుసకొడతాను.”

“నేను చెప్పే వచ్చాను. నువ్వు రమ్మంటేనే వచ్చాను.”

“నిన్నెవరన్నారే? నేను పిల్లి సంగతి చెప్తున్నా.”

“నువ్వు పిల్లి సంగతే చెప్పావులే. నాకు వినపడాల్సింది వినపడింది.”

అక్క ఇస్త్రీపెట్టె ఆవిరి మీట గట్టిగా నొక్కింది. జవాబు ఆవిరిలో కలిసిపోయింది. ఆ దుకాణంలో చాలా జవాబులు అలాగే పోతాయి.

చెల్లెలు పని చేయలేదని ఎవరూ అనలేరు. వచ్చిన వారంలోనే ఇస్త్రీబల్ల దగ్గర నిలబడింది. కానీ ఒక పూట చొక్కా మడత ఆమె వేసిన తీరు అక్కకు నచ్చక విప్పి మళ్లీ వేసింది. ఇంకో పూట చెల్లెలు ఒళ్లు తుడుచుకుని వంకీకి తగిలించిన తువ్వాలు, ఆమె అటు తిరిగేసరికి యంత్రంలో ఉంది. “ఈ ఇంట్లో ఒక గుడ్డ పూటైనా నా దగ్గర నిలవదు బాబాయిగారూ. లాడ్జిలో దిగినట్టుంది” అని చెల్లెలు నాతో మెట్ల దగ్గర అంది. అక్క మాట వేరు: “దానికి మడత నలగని గుడ్డ ఇవ్వాలనే కదండీ నా తాపత్రయం!” ఇద్దరూ నిజమే చెప్పారని నా నమ్మకం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ కత్తులు రెండూ మొద్దుబారినవే. ఇబ్బంది ఒర ఇరుకుదనం వల్ల వచ్చింది.

అప్పుడే చెల్లెలికి ఒక కబురు వచ్చింది. ఊరి అవతల ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ల హాస్టల్లో వార్డెన్ పని. గది ఇస్తారు, పిల్లిపిల్లకు అభ్యంతరం లేదు. నెలాఖరులోగా వస్తానో రానో చెప్పమన్నారు. ఆ సంగతి ఆమె భోజనాల దగ్గర అక్కతో చెప్పింది.

“ఆ ముసలిది తిండి మానేసి చస్తే ఆ పాపం నాకెందుకక్కా? చిటికెని వదిలి నేనుండలేను. ఆయన చేత్తో తెచ్చింది. ఇవి రెండూ కుదురుకుంటే సరే. లేకపోతే దాన్ని తీసుకుని నేనే వెళ్తాను. అందరికీ హాయి.”

“నీ ఇష్టం” అంది అక్క.

ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగా ఏమనుకుందో తరువాత నాతో చెప్పింది. “వెళ్లొద్దు అని నోటిదాకా వచ్చిందండీ. కానీ ఉండు అంటే, ఎందుకుండాలి అని అడుగుతుంది. దానికి చెప్పడానికి నా దగ్గర ఏముంది? రెండు యంత్రాలూ, రెండు మోకాళ్లూ.” చేతికి అంది వచ్చినదల్లా ఉతికి ఇవ్వడం తప్ప వేరే భాష నేర్చుకోని మనిషి ఆమె. కాబట్టి చెల్లెలితో మాట్లాడటం మానేసి, పిల్లులను కుదిర్చే పని నెత్తిన వేసుకుంది.

జంతువుల డాక్టరమ్మ ఆ దుకాణానికి పాత ఖాతాదారు. ఆమె తెల్లకోట్లు అక్కడే ఉతుకుతారు. అక్క దొరసానిని బుట్టలో పెట్టుకుని క్లినిక్కుకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, చిగుళ్లు చూసి, మెత్తగానే గట్టి మాట చెప్పింది. వయసు మీద పడిన పిల్లి తిండి మానేస్తే కాలేయం పాడవుతుంది, ఆలస్యం చేయకూడదు. ఆకలి పుట్టించే మందు ఇచ్చింది. ఇంటి పద్ధతి మార్చమంది. చిటికెను కొన్నాళ్లు వెనక గదిలోనే ఉంచాలి. తలుపు మూసి ఉండాలి. ఇసుక ట్రేలు దేనిది దానికే. తలుపుకు ఇటొక గిన్నె, అటొక గిన్నె పెట్టి, ఒకదాని ఉనికి ఇంకొకదానికి అన్నంతోపాటు అలవాటు చేయాలి. బుసకొడితే తిట్టకూడదు, ఎత్తుకెళ్లి ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. రోజూ దీని గుడ్డ దానికీ, దాని గుడ్డ దీనికీ మార్చి వేయాలి.

అక్క చీటీ రాసుకోకుండానే అన్నీ గుర్తు పెట్టుకుంది. ఊరందరి మూటలూ కలగాపులగం కాకుండా ఏళ్ల తరబడి నడిపిన బుర్ర అది. తలుపు మూసింది. ట్రేలు వేరుచేసింది. పొద్దున్నే మొదటి మూట విప్పకముందే చిటికె కింది గుడ్డ తీసి, ఉతికి, ఆరబెట్టి, ఆవిరి ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు వేసి, స్టూలెక్కి అటక మీద దొరసాని పక్కన పెట్టేది. దొరసాని గుడ్డను అలాగే సిద్ధం చేసి చిటికె బుట్టలో పరిచేది. మేమంతా చూస్తూనే ఉన్నాం. అది అంత శ్రద్ధగా జరిగే పని కావడంతో అందులో తప్పు వెతకాలని ఎవరికీ తోచలేదు.

ఫలితం లేదు. దొరసాని వెన్నెముక చేతికి తగలసాగింది. అక్క స్టూలు మీద నిలబడి, వేలికొసకు మెత్తటి ఆహారం రాసి దాని మూతి దగ్గర పెట్టేది. అది మొహమాటానికి అన్నట్టు ఒకసారి నాకి ఊరుకునేది. దిగేటప్పుడు అక్క అటక అంచు పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుని నిలబడేది. మోకాళ్ల నొప్పో, దిగులో, రెండూనో నేను చెప్పలేను. దిగాక మళ్లీ మూటల దగ్గరికి వెళ్లేది. మూటలకు ఎవరి దిగులూ పట్టదు.

“వదిలెయ్యక్కా. నెలాఖరు వస్తోంది. నేను వెళ్లిపోతే అదే దిగుతుంది” అంది చెల్లెలు ఒకనాడు.

“నోరు మూసుకుని ఆ కాలర్లు చూడు.”

“చూస్తున్నాగా. నా కాలర్లు ఎలాగూ నువ్వు మళ్లీ చేస్తావు.”

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ తన కోట్ల కోసం వచ్చింది. కౌంటర్ మీద పక్కపక్కనే రెండు చిన్న మడతలున్నాయి, ఇంకా ఆవిరి పోలేదు.

“ఇవేంటి, పసిపిల్లల పొత్తిగుడ్డల్లా ఇంత ముద్దుగా ఉన్నాయి?” అని అడిగింది.

“మీరు చెప్పినవేనండీ. ఇది చిటికెది, దొరసాని దగ్గర పెడతాను. అది దొరసానిది, చిటికె బుట్టలో వేస్తాను. ఒక్క రోజు తప్పలేదు. అయినా ఆ మహాతల్లికి దయ రావట్లేదు.”

డాక్టరమ్మ ఒక మడత చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరువాత మెల్లగా అడిగింది: “ఉతికారా?”

“ఉతకనా మరి?” అక్క నొచ్చుకుంది. “ఒకళ్లు పడుకున్న గుడ్డ ఇంకొకళ్లకి ఉతక్కుండా ఎలా ఇస్తామండీ? నేనేమైనా కొత్తగా దుకాణం పెట్టానా?”

డాక్టరమ్మ కోట్లు పక్కన పెట్టి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నవ్వాలో వద్దో తేల్చుకోలేని ముఖం. “లాండ్రీ అక్కా, పిల్లికి చుట్టం ఎవరో పరాయి ఎవరో చెప్పేది ముక్కే. ఆ చిన్నదాని వాసన ముందు గుడ్డ మీద అలవాటైతే, తరువాత మనిషి... అదే, పిల్లి ఎదురుపడినా భయం తగ్గుతుంది. అందుకే గుడ్డ మార్చమన్నాను. మీరు వాసనంతా తీసేసి ఉత్త గుడ్డ ఇస్తున్నారు. పైగా దాని సొంత గుడ్డ కూడా పోయిందన్నమాట. అది తన ఇంట్లోనే దారి తప్పింది.”

అప్పుడు ఇస్త్రీబల్ల దగ్గర చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలని తరువాత తెలిసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. “పిల్లులకి కూడా ఇస్త్రీ! క్రీజుతో సహా!” అంది. కాసేపటికి ఆ నవ్వు వేరే దారి పట్టింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది.

“మఫ్లర్ కూడా అంతేనక్కా” అంది.

“ఏ మఫ్లర్?”

“ఆయనది. చిటికెని చుట్టుకొచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి దిండు మీద పెట్టావు కదా. అంచులు కూడా ఇస్త్రీ చేసి.”

“అది మురిగ్గా ఉందే. డీజిలు, చెమట, చుట్టకంపు...”

“అవును. అదే.”

వెనక ఆరబెట్టే యంత్రం ఆగి గంట కొట్టింది. ఆ దుకాణంలో ఆ గంటకు ఎవరూ కదలకపోవడం నేను మొదటిసారి చూశాను. డాక్టరమ్మ లేచి, కోట్లు చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర తగ్గిన గొంతుతో, “ఇవాళ్టి నుంచి రెండు గుడ్డలూ ఉతకొద్దు. ఎంత మాసినా సరే” అని చెప్పి వెళ్లిపోయింది. నేను కూడా లేవబోయాను. అక్క చేత్తో కూర్చోమని సైగ చేసింది. ఒంటరిగా ఉండటానికి భయపడినట్టు అనిపించింది.

“ఆ రోజే ఎందుకు చెప్పలేదే?” అని చెల్లెల్ని అడిగింది.

“చెప్తే ఏం చేసేదానివి? మళ్లీ తెచ్చిపెట్టేదానివా?”

“లేదు.”

“మరి?”

“మరి... తిట్టి ఉండొచ్చు కదా నన్ను. ఇన్నాళ్లూ నీకు ఈ ఇల్లు నచ్చలేదనుకున్నాను. నేను నచ్చలేదనుకున్నాను.”

“అది కూడా కొంచెం ఉందిలే” అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ. తుడుచుకున్న గుడ్డ వైపు అక్క చెయ్యి దానంతటదే వెళ్లింది. సగంలో ఆగింది. ఇద్దరూ ఆ చేతిని చూశారు.

ఇందులో తప్పు ఎవరిదని ఇద్దరూ వేర్వేరు సందర్భాల్లో నన్ను అడిగారు. నన్ను అడగకుండా వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని ఉంటే బాగుండేది గాని, అడిగారు కాబట్టి ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. దుఃఖంలో ఉన్న మనిషి సంచీలో చెయ్యి పెట్టే ముందు ఒక్క మాట అడగాలి. అక్క అడగలేదు; అది తప్పు. దురుద్దేశం లేదన్నది శిక్ష తగ్గిస్తుందేమో గాని, జరిగిన నష్టాన్ని తగ్గించదు. ఇక చెల్లెలు: చెప్పని బాధకు ఎదుటి మనిషిని దోషిగా నిలబెట్టి, ఆరోపణ ఏమిటో ఆమెకు తెలియనివ్వకుండా రోజూ శిక్ష వేసింది. అది కూడా తప్పే. రెండు తప్పులూ సమానం కావు. మొదటిది పెద్దది, క్షణంలో జరిగింది. రెండోది చిన్నది, రోజుల తరబడి సాగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వృథా అంటారు. కాలిన చేతులను గాలికి పట్టుకోవడానికైనా పక్కన ఒక మనిషి ఉండటం వృథా అని నేను అనుకోను. ఇద్దరూ విని, “సరే బాబాయిగారూ” అని ఒకేలా అన్నారు. ఒప్పుకున్నారో, పెద్దవాడని వదిలేశారో నాకు తెలియదు.

ఆ తరువాత ఉతక్కుండా ఉండటం మొదలైంది. అది అక్కకు ఉతకడం కంటే కష్టమైన పని. చెల్లెలు ఒక మెత్తటి గుడ్డతో చిటికె చెంపలు రుద్ది ఇచ్చేది. అక్క దాన్ని రెండు వేళ్లతో, దూరంగా పట్టుకుని అటక మీదికి చేర్చేది. దొరసాని ముందు గుడ్డను చూసి బుసకొట్టింది. “తిట్టు తల్లీ, తిట్టు. గుడ్డకేం కొరత లేదు” అనేది అక్క. కొన్నాళ్లకు బుస తగ్గి, వాసన చూడటం మిగిలింది. తరువాత దానికి దూరంగా జరిగి పడుకోవడం. తరువాత, దూరం జరగకుండా. అటక మీద పరిచిన తన సొంత గుడ్డ మీద బూడిదరంగు వెంట్రుకలు మళ్లీ చేరాక తిండి మొదలుపెట్టింది. మొదట పైనే. తరువాత గిన్నె ఒక మెట్టు కిందికి, ఇంకో మెట్టు కిందికి. చివరికి వెనక గది తలుపు దగ్గర. మూసిన తలుపుకు అటు చిటికె చప్పరింత వినపడుతుంటే ఇటు దొరసాని చెవులు వెనక్కి వాల్చి, కోపంగా తినేది. కోపంగానైనా తినేది.

ఈలోగా మూటలు ఆగలేదు. లాడ్జివాళ్లు ఆలస్యమైందని కేకలేశారు. ఒక యంత్రం నీళ్లు కారడం మొదలుపెట్టింది. అక్కాచెల్లెళ్లిద్దరూ తుడిచే గుడ్డలు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నేల తుడిచారు. పనిలో చేయి తిరిగినవాళ్లు మౌనంగా ఉంటే దాన్ని రాజీ అని పొరబడకూడదు. అలసట కూడా అలాగే ఉంటుంది.

ఒక సాయంత్రం అక్క తన మంచం కింది నుంచి ఏదో లాగి తెచ్చి ఇస్త్రీబల్ల మీద పెట్టింది. మరిది డ్యూటీ సంచీ. అడుగున తోలు ఉంది, యంత్రంలో వేస్తే పాడవుతుంది. అందుకే ఆ రోజు బట్టలు తీసుకుని దాన్ని అలాగే మంచం కిందికి తోసింది.

“ఇదొక్కటే నేను ముట్టుకోలేదు” అంది.

చెల్లెలు జిప్పు తీసి, తల వంచి, లోపలికి ముఖం పెట్టింది. చాలాసేపు ఉంది. బయటికి వచ్చాక కళ్లు తుడుచుకోలేదు. “డిపో వాసన” అంది.

“ఆయనది కాదా?”

“కాదు.” మళ్లీ ఒకసారి ముఖం పెట్టి తీసింది. “కొంచెం.”

అక్క తల ఊపింది. సంచీ జిప్పు తనే వేసింది, ఉన్నది పోకుండా. తరువాత ఎదురుగా ఉన్న బల్లగుడ్డల కుప్ప వైపు తిరిగి, వీపు ఇటు ఉండగానే అంది: “హాస్టల్లో నీకు గది ఇస్తారు కదే. మంచిదే. కానీ నువ్వు వెళ్తే నాకు బాగుండదు.”

అంత మాట ఆమె నోట రావడానికి ఎన్నేళ్లు పట్టిందో లెక్క కట్టడం నా పని కాదు. చెల్లెలు సంచీ పక్కకు పెట్టింది. కాలర్ల మీద ఇస్త్రీపెట్టె నడిపింది. అక్క ఆ కాలర్లను మళ్లీ విప్పలేదు.

నెల ఆఖరున హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడు వెనక గది తలుపు జానెడు తెరిచి, కదలకుండా దానికి అడ్డంగా ఒక మూట పెట్టి ఉంది. ఇటు దొరసాని గిన్నె, అటు చిటికె గిన్నె. చిటికె తన గిన్నె వదిలి సందులోంచి తల దూర్చింది. దొరసాని తినడం ఆపకుండానే చెయ్యి ఎత్తి దాని నెత్తిన ఒకటి మొట్టింది. గోళ్లు బయటికి రాలేదు. చిటికె వెనక్కి వెళ్లి తన గిన్నె తాను చూసుకుంది. దాన్ని స్నేహం అనడం అతిశయోక్తి. ఇంటి పెద్ద ఇంటి పిల్లను కసిరినట్టుంది, అంతే.

చెల్లెలు దాన్ని చూస్తూనే ఫోన్‌లో మాట్లాడింది. “లేదండీ, రాలేను... మంచి ఉద్యోగమేనండీ, కాదనను. మా ఇంట్లో ముసలిదానికీ పిల్లదానికీ ఇంకా పూర్తిగా కుదరలేదు. టైము పట్టేటట్టుంది... లేదు, ఎన్నాళ్లో చెప్పలేను. వేరేవాళ్లని చూసుకోండి.”

ఫోన్ పెట్టేశాక అక్క అడిగింది: “ముసలిదంటే ఎవర్నే?”

“దొరసానినే. నువ్వు వేరేగా విన్నావా?”

“నాకు వినపడాల్సింది వినపడింది” అంది అక్క. ముఖంలో నవ్వు లేదు. ఒక మూట విప్పి, దుప్పట్లు వేరు చేయడం మొదలుపెట్టింది.

చెల్లెలు ఒంటి మీది ఆప్రాన్ తీసి ఆ కుప్ప మీద వేసింది. “దీన్ని మాత్రం ఉతుకు. నా చెమట నాకే పడట్లేదు.”

అక్క దాన్ని అందుకుంది. అలవాటుగా ముక్కు దాకా తెచ్చి, ఒక క్షణం ఆగి, పీల్చింది. యంత్రంలో వేసి తలుపు మూసింది. ఆ తరువాత ఇద్దరూ చెరో కొస పట్టుకుని లాడ్జి దుప్పట్లు మడవడం మొదలుపెట్టారు. ఇంకా చాలా ఉన్నాయి. దొరసాని గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎన్నాళ్లకో ఆరబెట్టే యంత్రం మీదికి ఎక్కి, అక్క మళ్లీ అక్కడ పరిచిన, మాసిన తన గుడ్డ మీద తలుపు వైపు వీపు పెట్టి పడుకుంది.